రెండు గీతల రాయి

వియన్నా పత్రికలు బుర్గి రాడ్లింగర్ పేరు రాసినప్పుడల్లా ముందు "వివాదాస్పద శిల్పి" అని తగిలిస్తాయి, అదేదో ఆమె ఇంటిపేరైనట్టు. మా వైసెన్‌బ్రుక్‌లో ఆ మాట ఎవరూ అనరు. మాకు ఆమె క్వారీ కమ్మరి కూతురు, అంతే. ఆమె విషయంలో ఊరంతా ఒక్క మాట మీద ఉన్నది ఒకటే సంగతి: ఆమె చేసే వైన్ నోట పెట్టలేం. తండ్రి వదిలిపోయిన నాలుగు వరసల ద్రాక్షతోటకి ఏటా వేసవిలో వచ్చి పళ్ల కోతలయ్యేదాకా ఉంటుంది. తనే కొమ్మలు కత్తిరించి, తనే పళ్లు పిండి, తనే సీసాల్లో పోసి ఇంటింటికీ పంచుతుంది. ఇప్పుడు అరవై ఏడేళ్లొచ్చినా మానలేదు. కాదనలేక తీసుకుంటాం. మా అమ్మ ఉన్నన్నాళ్లూ దానితో కిటికీ అద్దాలు తుడిచింది.

నా పేరు ఫెర్డి గ్రాబ్నర్. ముప్పై ఆరేళ్లు ఆ తెల్లరాతి క్వారీలో గీత గీసేవాణ్ణి. ఇదేం ఉద్యోగమని నవ్వకండి. రాయి భూమిలో ఎలా పడుకుని పుట్టిందో, గోడలోనైనా బొమ్మలోనైనా అలాగే పడుకోవాలి. పొరలు అడ్డంగా ఉంటే ఎంత బరువైనా మోస్తుంది. పొరలు నిలువుగా వచ్చేట్టు నిలబెట్టామా, వాన నీళ్లు వాటి మధ్యకి దిగి, చలికాలం గడ్డకట్టి, నాలుగేళ్లలో ఉల్లిపాయలా విడిపోతుంది. మా రాయి వెన్నముద్దలా ఉంటుంది, పొర కంటికి ఆనదు. అందుకని దిమ్మని ఎత్తకముందే ఒకడు దాని పక్కన జేగురుతో గీత గీసి, ఏ వైపు పైకో బాణం వేస్తాడు. క్రేను ఎత్తి తిప్పేశాక ఇక ఆ బాణమే దిక్కు. తాపీవాళ్లైనా శిల్పులైనా దాన్ని నమ్మే పని చేస్తారు. మా నాన్న గీశాడు, ఆయన తర్వాత నేను గీశాను. "చర్చిలో ఫాదర్ తప్పు చెబితే దేవుడు సర్దుకుంటాడు. మనం తప్పు గీస్తే గోడ సర్దుకోదు" అనేవాడు మా నాన్న.

ఆ గీత నేను ఒక్కసారే తప్పు గీశాను. తెలిసే గీశాను. చెప్పబోయేది అదే. అయితే ముందు బుర్గి ఎలాంటి మనిషో చెప్పకపోతే మీకు నా తప్పు బరువు తెలియదు.

వాళ్ల నాన్న ఇగ్నాజ్ కొలిమి క్వారీ అంచునే ఉండేది. రోజుకి రెండొందల ఉలులు మొద్దుబారి వచ్చేవి, పదునెక్కి వెళ్లేవి. బుర్గి ఏడో ఏటినుంచే తిత్తి ఊదేది. పిల్లని ఆడించడానికి ఇగ్నాజ్ దగ్గర ఒక ఆట ఉండేది. ఆమెని గోడకేసి తిరిగి కూర్చోమని, వెనక ఒక రాతిముక్కని సుత్తితో కొట్టి "పడుకుందా, నిలబడిందా?" అని అడిగేవాడు. పొర వెంట కొడితే రాయి గంటలా సాగి మోగుతుందట. పొరకి అడ్డంగా కొడితే టక్కుమని నోరు మూసుకుంటుందట. తన కూతురు ఒక్కసారీ తప్పలేదని ఇగ్నాజ్ అందరికీ చెప్పుకునేవాడు. కూతురి గురించి గొప్పలు చెప్పుకోని తండ్రి ఎవడు? మేం నవ్వి ఊరుకునేవాళ్లం. నేను బతుకంతా కొట్టి చూశాను, నా చెవికి అన్నీ టక్కే.

బుర్గికి తమ్ముడొకడు, కోలోమన్. నాకన్నా మూడేళ్లు పెద్ద. ఈలవేస్తే క్వారీ ఆ చివర గోడకి కొట్టుకుని మళ్లీ వాడి దగ్గరికే వచ్చేది. పద్దెనిమిదో ఏట పటాలంలోకి తీసుకుపోయారు. 1945 మార్చిలో, రష్యన్లు మా ఊరు చేరడానికి ఇంకా పది రోజులున్నాయనగా, పటాలం వదిలేసి ఇంటికి నడిచొచ్చాడు. క్వారీ వెనక గుహలో దాక్కున్నాడు. సైనిక పోలీసులు పట్టుకుని క్వారీ గోడకి నిలబెట్టి కాల్చేశారు. మిగతావాళ్లకి బుద్ధి రావాలని మూడు రోజులు అక్కడే వదిలేయమన్నారు. నాకప్పుడు పదహారేళ్లు. పనికి ఆ పక్కనుంచే పోయేవాళ్లం, తల అటు తిప్పకుండా. రెండో రోజుకి వాడి కాళ్లకి బూట్లు లేవు. అవి ఎవరి కాళ్లకి చేరాయో ఎవరూ అడగలేదు.

చర్చి ముందు హెల్మెట్ పెట్టుకున్న రాతి సైనికుడొకడు నిలబడి ఉంటాడు. వాడి కింద, ఆ యుద్ధంలో పోయిన మా ఊరి పంతొమ్మిది మంది పేర్లు చెక్కారు. మా అన్న వెండెలిన్‌ది పన్నెండో పేరు. వాడు రష్యాలో ఎక్కడో పోయాడు, సమాధి ఎక్కడుందో ఇంతవరకూ కబురు లేదు. కోలోమన్ పేరు అక్కడ చెక్కలేదు. పారిపోయినవాడి పేరు చెక్కరన్నారు. ఇగ్నాజ్ ఆ ఏడాదే కొలిమి ఆర్పేశాడు, బుర్గి వియన్నా వెళ్లిపోయింది.

బాంబులు పడ్డ ఊరు కదా, రాతిపనికి మనుషులు చాల్లేదు, ఆడదైనా పనిలో పెట్టుకున్నారు. కూలిన గోడలకి రాళ్లు చెక్కుతూ శిల్పాల బళ్లో చేరింది. మొదటి గొడవ ఒక ప్రసూతి ఆసుపత్రి ముంగిట్లో వచ్చింది. మాతృమూర్తి కావాలన్నారు. ఈమె అప్పుడే కాన్పయిన ఆడమనిషిని చెక్కింది: జారిన రొమ్ములు, వాచిన కాళ్లు, ఎవరైనా ఒక గంట నిద్రపోనిస్తే చాలన్నట్టు మొహం. నర్సులకి తెగ నచ్చింది, పెద్ద డాక్టర్లకి నచ్చలేదు. దుప్పటి కప్పేశారు. బుర్గి వెళ్లి ఆ దుప్పటి తీసి, ఉతికి, ఇస్త్రీ చేసి, ఆసుపత్రి ఆఫీసులో ఇచ్చి, "మీ దుప్పటి నా బొమ్మ మీద పడిపోయిందండీ" అందట.

తర్వాత ఇంకో ఊళ్లో వంతెన మీద సాధువు విగ్రహం విరిగితే కొత్తది చేయమన్నారు. సాధువుకి ఆ ఊరి సంతలో మూటలు మోసే తాగుబోతు మొహం పెట్టింది. "మరి మీ ఊళ్లో సాధువులా కనబడింది వాడొక్కడే" అంది అడిగినవాళ్లతో. వెంటనే టార్పాలిన్ కప్పి, బొమ్మని మునిసిపల్ షెడ్డులో పారేశారు. ఏటా ఆ సాధువు పండుగనాడు ఆమె షెడ్డుకి పూలు పట్టుకెళ్తుంది. ఆ తాగుబోతు కూడా వచ్చి, తన మొహానికి తనే దణ్ణం పెట్టుకుని వెళ్లేవాడట, బతికున్నంత కాలం.

అలా ఎన్ని బొమ్మలో, ఎన్ని టార్పాలిన్లో. కప్పినప్పుడల్లా ఆ టార్పాలిన్ ఆమెదే అయ్యేది, ఎవరూ వెనక్కి అడగడానికి రారు కదా. వాటితో కోళ్ల గూటికి పైకప్పు వేసింది. "ప్రభుత్వం నాకేం చేయలేదని ఎవరన్నారు? నా కోళ్లకి ఇల్లు కట్టించింది" అనేది. తనని కసాయిదని, రాళ్లకి రోగం అంటించేదని తిడుతూ పత్రికలకి పాఠకులు రాసిన ఉత్తరాలన్నీ కత్తిరించి మరుగుదొడ్డి గోడకి అంటించింది. మా ఊరివాళ్లెవరైనా వియన్నా వెళ్తే చూసొచ్చి చెప్పేవాళ్లు, అక్కడ ఒకసారి కూర్చుంటే బయటికి రాబుద్ధి కాదని.

1978 శీతాకాలం మొదట్లో మా ఊరి కౌన్సిల్‌కి ఆమె ఉత్తరం వచ్చింది. "నా తమ్ముడికి బొమ్మ చెక్కుతాను. పైసా అక్కర్లేదు. మన క్వారీ నుంచి ఒక దిమ్మ, చర్చి గోడ పక్కన కాస్త చోటు ఇవ్వండి." ఉత్తరంతో పాటు పెన్సిల్ బొమ్మ ఒకటి. హెల్మెట్ లేని కుర్రవాడు, బూట్లు లేని కాళ్లతో నిటారుగా నిలబడి, ఎదురుగా ఉన్న రాతి సైనికుడి కళ్లలోకి సూటిగా చూస్తుంటాడు. ఎత్తు కూడా వేలు తేడా లేకుండా వాడంతే. కౌన్సిల్‌లో ఏడుగురు సరేనన్నారు, ఆరుగురు కుదరదన్నారు. ఆ రోజు నుంచి ఊళ్లో ఎవరి వంటింట్లోనూ వేరే మాట లేదు.

ఎక్కువ మండిపడ్డవాడు ఒట్మార్ పిష్లర్. మా సత్రం ఆయనదే, మాజీ సైనికుల సంఘానికి అధ్యక్షుడూ ఆయనే. యుద్ధంలో రెండు వేళ్లు పోగొట్టుకున్నాడు. చెడ్డవాడని నేననను, ఆకలితో వచ్చినవాణ్ణి ఎన్నడూ వట్టి చేతులతో పంపలేదు. కానీ చల్లకొచ్చి ముంత దాచే రకం. మార్చిలో ఒకరోజు నా బల్ల దగ్గరికొచ్చి కూర్చున్నాడు.

"ఏం ఫెర్డీ, చలి ఎలా ఉంటుందంటావ్?"

"ఇప్పుడే కదయ్యా పోయింది చలి."

"పోయినదాని సంగతి కాదు, రాబోయేదాని సంగతి. ఒక్కోసారి రాళ్లు కూడా తట్టుకోలేవటగా?"

"సరిగ్గా పడుకోనివి తట్టుకోవు."

"అదే నేనూ విన్నాను. అలా పగిలిందనుకో, ఎవర్ననగలం? దేవుడి పని." నా గ్లాసు నింపి, భుజం తట్టి లేచిపోయాడు.

ఆ మాటకి నేను లొంగిపోయానని చెబితే తప్పు ఒట్మార్ మీదికి తోసినట్టవుతుంది. నేను లొంగింది ఇంట్లో. నేను పెళ్లి చేసుకోలేదు, అమ్మతోనే ఉండేవాణ్ణి. ఆమెకి డెబ్భై ఎనిమిదేళ్లు. బొమ్మ కబురు విన్న దగ్గర్నుంచి పొయ్యి ముందు కూర్చుని చేతిలో పని వదిలేసేది.

"వెండెలిన్‌కీ కాళ్లున్నాయిరా, వాడికీ ఇల్లుంది. వాడెందుకు రాలేదు? వెళ్లొద్దురా అని నేను చెప్పలేదే! మంచి పేరు తెచ్చుకోరా అన్నాను. ఇప్పుడు ఆ పారిపోయినవాడు మనవాడికెదురుగా అంతెత్తున నిలబడితే నేనింక ఆ దారిన ఎలా పోను? మీ నాన్న సమాధికి ఎలా పోను, చెప్పు!"

అమ్మ ఏడుపు నేను చూడలేకపోయాను. అంతే కారణం. అది సమాధానం కాదని నాకూ తెలుసు.

మా క్వారీలో రెండున్నర మీటర్ల మందమున్న పొర ఒక్కటే ఉంది. నిలువు బొమ్మకి దిమ్మ అందులోంచి తీయాలి. నేను పక్క గట్టు మీద పొడుగ్గా పడుకున్న దిమ్మని ఎంచుకున్నాను. పద్ధతి ప్రకారం ఎత్తకముందు గీయాలి. నేను ముందు ఎత్తించి, నిలువుగా తిప్పించి, మనుషులు మధ్యాహ్నం భోజనానికి వెళ్లాక గీశాను, అది అలా నిలబడే పుట్టిందన్నట్టు. చెయ్యి వణకలేదు. అన్నిటికన్నా అదే నాకిప్పటికీ సిగ్గు.

ఏప్రిల్ మొదట్లో బుర్గి వచ్చింది. పొట్టి మనిషి, మగవాళ్ల కోటు, నోట్లో ఎప్పుడూ ఆరిపోయిన సిగరెట్టు. నా బాణం మీద బొటనవేలితో రాసి చూసి, దిమ్మని వాళ్ల నాన్న పాత కొలిమి షెడ్డులోకి తోయించింది.

"పూర్తయ్యేదాకా ఎవరూ చూడొద్దు. ప్రతిసారీ మీరు కప్పుతున్నారుగా, ఈసారి నేనే కప్పుకుంటాను" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఇక ఆ వేసవంతా కొలిమిలోంచి ఉలి చప్పుడే. క్వారీలో ఎక్కడున్నా వినబడేది. మధ్యాహ్నం పన్నెండు కొట్టగానే ఆమె బయటికొచ్చి నా బెంచీ మీద కూర్చునేది. పందికొవ్వు రాసిన నల్ల రొట్టె, పచ్చి ఉల్లిపాయ. సగం నాకు విరిచిచ్చేది. ద్రాక్షకొమ్మలు కత్తిరించే నా కత్తికి పదును పోయిందని చూసి తనే పెట్టి ఇచ్చింది. ఒకసారి "మీ నాన్న గీసిన గీతలు ఎంత నిటారుగా ఉండేవో" అంది, ఏమీ లేనట్టు. నేను తేలు కుట్టిన దొంగలా రొట్టె నములుతూ కూర్చున్నాను. చెబుదామని ఎన్నోసార్లు నోరు తెరిచాను. తెరిచిన నోట్లో రొట్టె పెట్టుకుని మూసేశాను.

నేను లెక్క వేసుకుంటూనే ఉన్నాను. అక్టోబరులో నిలబెడతారు. మొదటి చలికాలం ఏమీ కాదు, రెండోది వెంట్రుకంత పగులు, నాలుగోదానికి కోలోమన్ మొహం కింద పడుతుంది. వాడికి ఈ లోకంలో ఉండబోయేది ఆ రాయొక్కటే. దాన్ని పడగొట్టేది నా గీత.

సెప్టెంబరులో ఒక ఆదివారం, చర్చి అయ్యాక అందరం ఒట్మార్ సత్రంలో ఉన్నాం. బుర్గి కూడా వచ్చి కూర్చుంది. ఒట్మార్ గ్లాసులు తుడుస్తూ అందుకున్నాడు.

"ఏం బుర్గీ, మీవాడు ఎప్పుడు లేచి నిలబడతాడు?"

"అక్టోబరులో చూద్దువుగా, తొందరేం?"

"అబ్బే, చర్చి గోడ పక్కన గాలి ఎక్కువ కదా అని. రాయి గట్టిదేనా?"

"ఫెర్డి గీత గీశాడు" అంది బుర్గి, నా వంక చూస్తూ. "ఫెర్డి గీశాక ఇక నేను చూసేదేముంది?"

బల్ల చుట్టూ ఉన్న ఏడెనిమిది మందీ ఒక్కసారిగా తమ గ్లాసుల్లోకి చూసుకున్నారు. అప్పుడు తెలిసింది నాకు, ఒట్మార్ ఆ మాట నా ఒక్కడి చెవిలోనే వేయలేదని.

"ఏంటి ఫెర్డీ, మొహం అలా ఉంది? నా వైన్ గానీ తాగావా?" అంది బుర్గి. సత్రం గొల్లుమంది. నేను టోపీ తీసుకుని బయటికొచ్చేశాను.

కాళ్లు వాటంతటవే క్వారీకి నడిచాయి. కొలిమి బయట బెంచీ మీద కూర్చున్నాను. ఎండ బాగా ఉంది, తోటల్లో పళ్లు కోస్తున్నవాళ్ల మాటలు కింద నుంచి వినబడుతున్నాయి. గంట తర్వాత బుర్గి గట్టెక్కి వచ్చింది. నేను లేచి నిలబడ్డాను.

"బుర్గీ, ఆ రాయిని నిలబెట్టొద్దు."

"ఏం?"

"గీత తప్పు."

"ఎంత తప్పు?"

"పూర్తిగా. పడుకున్న రాయికి నిలువు బాణం వేశాను. పొరపాటున కాదు. కావాలనే."

ఆమె సిగరెట్టు వెలిగించుకుంది. "ఆరు నెలలు పట్టింది నీకు" అంది.

నాకేం అర్థం కాలేదు.

"వచ్చిన రోజే సుత్తితో కొట్టి చూశానురా. ఇటు కొడితే గంట, అటు కొడితే టక్. మా నాన్న ఆట మర్చిపోయావా?"

"అది... ఉత్త కథ అనుకున్నాం."

"మీరు అన్నీ కథలే అనుకుంటారు."

"మరి ఇంకో దిమ్మ అడక్కపోయావా?"

"అడిగితే ఎందుకంటారు. నీ పేరు చెప్పాలి. నీ అంతట నువ్వే చెబుతావేమోనని చూశాను. మేలో చూశాను, జూన్లో చూశాను. వేసవంతా నీ పక్కన కూర్చుని ఉల్లిపాయలు నమిలాను. ఇవాళ నలుగురి ముందూ అడిగాను కూడా. ఇంకేం చెయ్యను, డప్పు కొట్టించనా?"

అప్పుడు ఆమెకి కోపం వచ్చింది. ఆమెకి కోపం రావడం నేను పత్రికల్లో చదవడమే గానీ అదే చూడ్డం.

"నా బొమ్మ విరగాలనుకున్నావా, సరే. సగం ఆస్ట్రియా అదే కోరుకుంటుంది, వెళ్లి వరసలో నిలబడు. కానీ గీతతో అబద్ధమాడతావా? మీ నాన్న గీసిన గీత చూసి మా నాన్న ఉలికి పదును పెట్టేవాడు. ఈ ఊళ్లో ఒకరి మాట ఒకరు నమ్మనప్పుడు కూడా ఆ గీతని నమ్మారు. నేను ఈ ఊరిని దేనికీ నమ్మలేదు ఫెర్డీ, ఆ గీతని నమ్మాను."

"అమ్మ కోసం..." అన్నాను.

"అమ్మ అడిగిందా?"

"లేదు."

"అయితే అమ్మని లాగకు."

నాకు ఏడుపొచ్చింది. యాభై ఏళ్ల మనిషిని, చేతిరుమాలు కూడా లేదు, టోపీతో తుడుచుకున్నాను. ఆమె సిగరెట్టు ఆర్పేసి, కొలిమి తలుపు తీసి, "రా" అంది.

లోపల దిమ్మ నిలబడి లేదు. భూమిలో ఎలా పుట్టిందో అలాగే, పొడుగ్గా పడుకుని ఉంది. దాని మీద కుర్రవాడొకడు పక్కకి తిరిగి పడుకున్నాడు. ఒక చెయ్యి తల కింద, మోకాళ్లు కాస్త ముడుచుకుని, బూట్లు లేని పాదాలు ఒకదాని మీద ఒకటి. చనిపోయాడో, నడిచి నడిచి ఎక్కడో ఒరిగాడో చెప్పలేం. పాదాలు మాత్రం నాకు తెలిసినవే.

"నిలబడ్డట్టు గీయడం నా పంతం" అంది బుర్గి. "ఎదుటివాడంత ఎత్తుండాలి, వాడి కళ్లలోకి చూడాలి, ఊరు ఏడవాలి. నీ దిమ్మ నిలబడనంది. నాలుగు రోజులు దీని చుట్టూ తిరిగాను, నిన్ను తిట్టుకుంటూ. అప్పుడు గుర్తొచ్చింది. వాణ్ణి గోడకి నిలబెట్టింది వాళ్లు. వాడు పడుకుని ఉండగా ఎవరూ దగ్గరికి పోలేదు. నేనూ పోలేదు ఫెర్డీ. క్వారీ పై గట్టు మీద నుంచి మూడు రోజులు చూశాను, భయపడి." ముక్కు ఎగబీల్చింది. "ఇక్కడైనా వాడి దగ్గరికి పోయాను. ఇలా ఉంటే ఏ చలీ వీణ్ణేం చేయలేదు."

తల వైపు ఒక జానెడు మేర చెక్కకుండా వదిలేసింది. అక్కడ నా తప్పు బాణం ఎర్రగా అలాగే ఉంది. జేగురు డబ్బా నా చేతికిచ్చి, "పక్కన సరైనది గీయి" అంది. గీశాను. ఆమె ఉలి తీసుకుని రెండు గీతల్నీ రాతిలోకి చెక్కేసింది, చెరిగిపోకుండా.

"ఇవేంటని ఎవరడిగినా నువ్వే చెప్పాలి. ఒట్మార్ అడిగినా, టూరిస్టు అడిగినా, మీ అమ్మ అడిగినా. ఒక్క ముక్క తగ్గించకుండా."

సరేనన్నాను.

అక్టోబరు మూడోవారంలో చర్చి గోడ పక్కన దించారు. గొడవ చేద్దామని సగం ఊరు వచ్చింది. వాళ్లు సిద్ధం చేసుకున్న కేకలన్నీ ఎత్తు గురించి, తీరా చూస్తే ఎత్తే లేదు, మోకాలి దాకా కూడా రాదు. ఒట్మార్ అటూ ఇటూ రెండుసార్లు తిరిగాడు.

"నిలబడలేదేం?"

"అలసిపోయాడు" అంది బుర్గి.

ఒట్మార్ ఆ పాదాల వంక చూసి, నా వంక చూసి, భోజనం వేళయిందని వెళ్లిపోయాడు. అలాగని అంతా చల్లబడలేదు. చర్చి పక్కన శవాన్ని పెట్టిందని పత్రికలకి మళ్లీ ఉత్తరాలు వెళ్లాయి, మరుగుదొడ్డి గోడకి కొత్త కాగితం దొరికింది. సైనికుల సంఘం తమ బ్యాండు అక్కడ ఆగదని తీర్మానం చేసింది. మూడో రోజు పొద్దున చూస్తే బొమ్మ మీద టార్పాలిన్. బుర్గి దాన్ని శుభ్రంగా మడిచి చంకన పెట్టుకుంది. "కోళ్లకి వరండా లేదని అనుకుంటూనే ఉన్నాను" అంది.

అమ్మ మాత్రం ఆ వైపు రాలేదు. ఆదివారాలు చర్చికి వెనక తలుపు నుంచి వెళ్లేది, మోకాళ్ల నొప్పులతో అంత దూరం చుట్టి.

నవంబరు ఒకటి, సకల పరిశుద్ధుల పండుగ. ఆ రోజు చనిపోయినవాళ్లందరి దగ్గరా దీపం పెట్టాలి. ప్రతి ఏడూ అమ్మ ఎర్ర గాజు దీపాలు రెండు తెచ్చేది. ఒకటి నాన్న సమాధికి. రెండోది వెండెలిన్‌కి, సమాధి లేదు కనుక ఆ రాతి సైనికుడి కింద, పన్నెండో పేరు దగ్గర. నాన్న సమాధికి దీపం పెట్టాక ఆమె వెనక దారి పట్టలేదు. నా చెయ్యి పట్టుకుని చర్చి గోడ వెంట ముందుకి నడిచింది. ఊరంతా అక్కడే ఉంది, బ్యాండువాళ్లు, ఒట్మార్, అందరూ. బొమ్మ దగ్గరకొచ్చేసరికి ఆయాసంతో ఆగిపోయింది. మోకాలు పట్టుకుని, రాతి అంచు మీద కూర్చుంది, కోలోమన్ తల పక్కన.

చాలాసేపు వాడి పాదాలనే చూసింది. తర్వాత చేతికింద తగిలిన గాడుల్ని వేళ్లతో తడిమింది.

"ఇవేంటిరా, రెండు గీతలు?"

నేను చెప్పాను. ఒక్క ముక్క తగ్గించకుండా. పక్క గట్టు దిమ్మ, భోజనాల వేళ, బాణం, నాలుగు చలికాలాల లెక్క. తను ఏడ్చిందని గీశానని కూడా చెప్పాను. అమ్మ కోసమన్న మాట మాత్రం అనలేదు. అమ్మ తల ఎత్తకుండా విన్నది. ఎదురుగా బ్యాండువాళ్లు వాయిద్యాలు సర్దుకుంటున్నారు.

"వెండెలిన్ ఎక్కడ పడుకున్నాడో నాకెవరూ చెప్పలేదు" అంది చివరికి. "ముప్పై ఏళ్లకి పైగా ఆ నిలబడ్డవాడికి దీపం పెడుతున్నాను. మనవాడు అలా నిలబడి లేడు కదరా. వాడూ ఇలాగే పడుకుని ఉంటాడు ఎక్కడో. కాళ్లకి బూట్లున్నాయో లేదో."

సంచీలోంచి రెండో దీపం తీసింది. వంగి, ఆ బూట్లు లేని పాదాల దగ్గర పెట్టింది.

"అమ్మా, ఒట్మార్ చూస్తున్నాడు."

"చూడనీ. అగ్గిపుల్ల గియ్యి. ఇక్కడ గాలెక్కువ, చెయ్యి అడ్డం పెట్టు."

పెట్టాను.